మాల్ మూసే రోజు ఒక ఆది జాకెట్టు

శనివారం పొద్దున తొమ్మిదింటికి స్కోఫీల్డ్స్ స్టేషన్లో కార్డు ట్యాప్ చేసి రైలెక్కాను. పని చిన్నదే. మా ఆవిడ సునీత ఆది జాకెట్టు తీసుకురావాలి. దాన్ని కొలతగా పెట్టుకుని కొత్తవి కుట్టే టైలర్ ఆంటీ కొట్టు ఒక పాత మాల్లో ఉంది. ఆ మాల్‌ని ఇవాళ సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు. పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారట.

సునీతకి సరిగ్గా పట్టే జాకెట్టు లోకంలో అదొక్కటే. దాన్ని కుట్టిన గుంటూరు టైలరు మిషను మానేసి ప్లాట్లు అమ్ముకుంటున్నాడు. వచ్చే నెల సునీత తమ్ముడి పెళ్లికి ఐదు జాకెట్లు కుట్టించాలి. "అది లేకుండా వచ్చారో, పెళ్లికి మీరొక్కరే వెళ్లండి," అనేసి తను హాస్పిటల్ డ్యూటీకి వెళ్లిపోయింది. ఇది ఉత్త బెదిరింపని ఎవరికైనా అనిపిస్తే వాళ్లకింకా పెళ్లి కాలేదన్నమాట.

బ్లాక్‌టౌన్‌లో రైలు మారి పెండిల్ హిల్‌లో దిగాను. బస్సు పది పదిహేనుకి. ఈ దారిన వెళ్లేవాళ్లు స్టేషన్ దగ్గరే ఏదైనా తినేయండి, మాల్లో తినడానికేమీ మిగల్లేదు. నేను పెసరట్టు తిన్నాను. చట్నీ సుమారు, అల్లం మాత్రం ధారాళం.

బస్సులో పక్కన చక్రాల సంచితో ఒక తెల్ల ముసలావిడ కూర్చుంది. "ఆ మాల్ తెరిచిన రోజు మా అమ్మ కొత్త బూట్లు తొడిగి తీసుకెళ్లింది. మెట్లు వాటంతటవే నడుస్తుంటే చూడ్డానికి ఊరంతా వచ్చారు," అంది ఇంగ్లీషులో.

ఇవాళ ఆ మెట్లు నడవడం లేదు. ఇద్దరం కాళ్లీడ్చుకుంటూ ఎక్కాం.

ఇరవై ఏళ్ల కిందట నేను యూనివర్సిటీలో చదివేటప్పుడు నలుగురం ఇక్కడికే ఏసీ కోసం వచ్చేవాళ్లం. ఒక్క కాఫీ కొనుక్కుని సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. అప్పట్లో కారు పెట్టడానికి చోటుండేది కాదు. తర్వాత హైవే పక్కన ఇంకో పెద్ద మాల్ వచ్చింది, ఆ తర్వాత సరుకులు ఫోన్లోనే రావడం మొదలైంది. ఇప్పుడు అద్దాలకి లోపల్నుంచి కాగితాలు అంటించేశారు. మధ్యలో గాజుపెట్టెలో రాబోయే టవర్ల నమూనా పెట్టారు. బొమ్మ మనుషులు బొమ్మ కుక్కల్ని తిప్పుతున్నారు. అందులో టైలర్ కొట్టు కోసం వెతికాను, కనబడలేదు.

టైలర్ విజయ ఆంటీది తెనాలి. అట్టపెట్టెల మధ్య నడుం పట్టుకుని నిలబడి ఉంది.

"పేర్ల చీటీలన్నీ జాకెట్లకి పిన్నులతో పెట్టా బాబూ. సామాను మోసేవాళ్లకి గుచ్చుకుంటాయని నిన్న అన్నీ పీకేశా. రంగు చెప్పు."

"మెరూన్, ఆంటీ."

తొమ్మిది మెరూన్ జాకెట్లు నా ముందు పడ్డాయి. నాకు తొమ్మిదీ ఒకేలా కనబడ్డాయి. సునీతకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"పోనీ, మీ ఆవిడ లావా, సన్నమా?"

"పదిహేనేళ్లుగా తనే అడుగుతోంది, తనకే చెప్పలేదు. మీకెలా చెప్పను ఆంటీ?"

ఆంటీ పకపకా నవ్వింది. ఒక్కోటీ తిరగేసి చూడసాగాను. ఆరోదాని చంక కింద వంకరటింకరగా నీలం దారం కనబడింది. అది నా కుట్టే! పాప పుట్టిన ఏడాది ఒక పెళ్లికి బయల్దేరుతూ, జాకెట్టు పట్టడం లేదని సునీత ఏడుపుమొహం పెట్టింది. లోపలి కుట్టు బ్లేడుతో నేనే విప్పాను. కుట్టుతోపాటు బట్టా తెగింది. ఇంట్లో మెరూన్ దారం లేక నీలంతో కుట్టేశాను.

"ఆ ఘనకార్యం నీదా! చూసినప్పుడల్లా చెయ్యి దురద పెట్టేది. విప్పి సరిచేస్తానంటే మీ ఆవిడ ముట్టుకోనిస్తేగా," అంది ఆంటీ.

జాకెట్టు మడిచి సంచిలో పెట్టుకుంటూ, కొత్త బిల్డింగులో కొట్టు తీసుకుంటున్నారా అని అడిగాను.

"అద్దె ఒకసారి అడిగా బాబూ, రెండోసారి అడగలా. మా ఇంటి గరాజ్‌లో మిషను వేసుకుంటా. మీ ఆవిడని అక్కడికే పంపించు." అడ్రసు రాసిచ్చి, చేతిలో పెద్ద పిన్నీసు కూడా పెట్టింది. "చీటీ పెట్టుకోడానికి."

పన్నెండున్నర రైలు ఖాళీగా ఉంది. జాకెట్టు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. టూంగాబీ దాటాక సునీత ఫోన్ చేసింది.

"దొరికిందా? వేరేవాళ్లది పట్టుకొస్తున్నారేమో, చంక కింద చూశారా?"

"చూశాను. కుట్టు దరిద్రంగా ఉంది, కొత్తగా వేయించమంటావా?"

"చెయ్యి పెట్టారంటే ఊరుకోను," అని ఫోన్ పెట్టేసింది.