చేయమని కాదు, చేయబోమని

మొన్న బుధవారం పొద్దున మా ఇంట్లో ఫోన్ మోగింది. లాహోరు ఇంజనీరుగారు. "హమారీ డాక్టరమ్మ నహీ రహీ" అన్నారు, అంతే, ఫోన్ పెట్టేశారు. ఆస్పత్రిలో ఆవిడ పోయేదాకా దగ్గరున్నది ఆయనా, ఆయన భార్యా. నేను రిసీవర్ పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే ఆ 'హమారీ'కి మురిసిపోయాను కూడా. 'మన' డాక్టరమ్మ అట! ఆ మాట ఆయన నోటంట రావడానికి ఆవిడ పడ్డ పాట్లు ఇవాళ ఈ సంతాప సభలో మీకు చెప్పి తీరాలి.

ఇక్కడ మిషిగన్‌లో, మన ట్రాయ్ ఊళ్ళో మా మూడిళ్ళూ వరసగా ఉంటాయి. మధ్యది డాక్టరమ్మగారిది, అటుపక్క లాహోరువాళ్ళు, ఇటుపక్క మేము. డెబ్భైల చివర మావారికి కార్ల కంపెనీలో ఉద్యోగమై కొత్తగా వచ్చిన రోజుల్లో మా బాబుకి జ్వరమొస్తే, పక్కింట్లో డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్పారు కదా అని వాణ్ణి ఎత్తుకుని పరిగెత్తాను. ఆవిడ థర్మామీటర్ పెట్టి చూశారు, తడిగుడ్డ వేశారు, నా చేతికి కాఫీ ఇచ్చారు. అన్నీ అయ్యాక నింపాదిగా చెప్పారు: "అమ్మాయ్, నేను రియాక్టర్లకి డాక్టర్ని. మీవాడు పేలడు గానీ, రేపు అసలు డాక్టర్‌కి చూపించు." అణువిద్యుత్ కేంద్రాలు భద్రంగా ఉన్నాయో లేదో చూడటం ఆవిడ ఉద్యోగం. ఈ సంగతి తెలిశాక కూడా మన తెలుగువాళ్ళు ఆవిడ దగ్గరికి దగ్గుకీ పడిశానికీ వెళ్తూనే ఉన్నారు.

పెన్సిల్వేనియా అణుకేంద్రంలో ఆ ప్రమాదం జరిగిన ఏడు ఎవరింట భోజనానికి వెళ్ళినా ఆవిడ చుట్టూ మూగేవాళ్ళు. రియాక్టర్లు మూసేయాలా, ఉంచాలా అని ఒకటే వాదన. ఆవిడ ఎటువైపూ ఒరిగేవారు కాదు. కరెంటు అందరికీ కావాలి, భయం ఎవరికీ వద్దు, రెండూ కుదరాలంటే రోజూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేయాలి అనేవారు. మాట్లాడుతూనే లేచి ఖాళీ గదుల్లో లైట్లన్నీ ఆర్పేసి వచ్చేవారు. వాడకుండా మిగిల్చిన కరెంటుకి పొగా ఉండదు, బూడిదా ఉండదు, కాపలా అక్కర్లేదు అన్నది ఆవిడ సిద్ధాంతం. ఒకసారి మన తెలుగు సంఘం ప్రెసిడెంటుగారు బాత్రూమ్‌లో ఉండగానే లైటు తీసేశారు. మిషిగన్ చలిలో ఆవిడింటికి వెళ్ళేటప్పుడు మేమంతా గొణుక్కుంటూ స్వెటర్ మీద స్వెటర్ వేసుకునేవాళ్ళం.

ఎనభై ఒకటిలో ఒక దేశం విమానాలు వెళ్ళి ఇంకో దేశం కట్టుకుంటున్న రియాక్టర్ మీద బాంబులు వేసి వచ్చాయి. ఆ వార్త విన్న రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. రేపు ఇండియాకీ పాకిస్తాన్‌కీ ఇదే బుద్ధి పుడితే? అదే ఆవిడ దిగులు. అది తాలింపుతో చెప్పారు నాకు. "నేను ఇక్కడ ఎండుమిరపకాయలు వేయిస్తే లాహోరాయన అక్కడ దగ్గుతాడు. గాలికి వీసా అక్కర్లేదమ్మాయ్. వాళ్ళ కేంద్రం మీద మనం వేసినా, మన కేంద్రం మీద వాళ్ళు వేసినా, దగ్గేది ఇద్దరమూ."

అందుకని ఊళ్ళో మనవాళ్ళనీ వాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి, రెండు ప్రభుత్వాలకీ ఒకే విన్నపం పంపాలన్నారు. యుద్ధమే వచ్చినా ఒకరి అణుకేంద్రాల జోలికి ఒకరు పోకూడదు, అంతే విన్నపం. అమ్మో, మన కమిటీ గుండెల్లో రాయి పడింది. పాకిస్తానీలతో మీటింగా, మనకెందుకొచ్చిన గొడవ అన్నారొకరు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నవాళ్ళు సైన్ చేస్తే ప్రాబ్లమ్ అవుతుందేమో అన్నారింకొకరు. అటు లాహోరు ఇంజనీరుగారిదీ అదే వరస. ఎదురుపడితే నమస్తే అంటారు గానీ, మీవాళ్ళు ముందు సంతకం చేస్తే చూద్దాం అనేవారు. ఆవిడ ఇటూ అటూ తిరిగి తిరిగి, చివరికి జనవరిలో ఒక ఆదివారం లైబ్రరీ హాలు బుక్ చేశారు.

అబ్బ, ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు! హాలు నిండిపోయింది. ఎవరూ చెప్పకుండానే మనవాళ్ళు ఎడమవైపు, వాళ్ళు కుడివైపు. మధ్యలో దారి. వేదిక మీద డాక్టరమ్మగారు, టేబుల్ మీద చిన్న ఎలక్ట్రిక్ స్టవ్, మూకుడు. విన్నపం ఇంగ్లీషులో, ఉర్దూలో, తెలుగులో ఉంది. తెలుగు ఆవిడే స్వయంగా రాశారు. ప్రెసిడెంటుగారు లేచి కంచుకంఠంతో చదివారు: "ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయమని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాము."

హాలంతా గగ్గోలెత్తింది. దాడి చేయమనా? ఇదేం చోద్యం అని వెనక వరసలో ఒకాయన లేచాడు. చేయము అని మాట ఇవ్వమని అడగబోయి, ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో రాసేసరికి ఆవిడ కలం అంత పని చేసింది. మనవాళ్ళు అరుస్తున్నారు. అర్థంకాక వాళ్ళూ లేచారు. ఎవరో పక్కవాళ్ళకి "అటాక్ చేయాలంటున్నారు" అని తర్జుమా కూడా చేసి పెట్టారు. కుడివైపు కుర్చీలు జరిగాయి. లాహోరు ఇంజనీరుగారు కోటు చేతిలోకి తీసుకున్నారు. ఆయన గుమ్మం దాటితే అంతటితో అయిపోయినట్టే.

డాక్టరమ్మగారు మాత్రం నేరుగా టేబుల్ దగ్గరికి వెళ్ళారు. స్టవ్ వేశారు. నూనె పోశారు. గుప్పెడు ఎండుమిరపకాయలు తుంచి వేశారు. ఘాటు లేచింది చూడండి! ముందు ఎడమవైపు దగ్గింది. ఊపిరి తీసేలోపు కుడివైపు. అరుస్తున్నవాళ్ళ అరుపులు దగ్గుల్లో కలిసిపోయాయి. లాహోరు ఇంజనీరుగారు గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే ఫైర్ అలారం మోగింది, అందరం పొలోమని బయటపడ్డాం.

పార్కింగ్ లాట్‌లో మోకాళ్ళ దాకా మంచు. ఎటువాళ్ళు ఎటో ఎవరికి గుర్తుంది, వెచ్చగా ఉంటుందని అందరం గుంపుగా నిలబడ్డాం. ఆవిడ ఆ చలిలో, దగ్గుతూ, తన హిందీలో వాళ్ళకి వివరించారు: మా భాషలో 'చేయము'కి 'అని' చేర్చినా, 'చేయి' అని పురమాయించినా రెండూ 'చేయమని' అనే వినబడతాయి, పొరపాటు నాది, మా భాషది కాదు. ముందు లాహోరు ఇంజనీరుగారి భార్య పకపకా నవ్వింది. ఆ తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పలేను. అప్పుడే వచ్చి ఆగిన మావారి కారు బానెట్ వేడిగా ఉంది. కాగితం దాని మీద పరిచి, ఆవిడ 'చేయమని' కొట్టేసి 'చేయబోమని మాటివ్వాలని' అని దిద్దారు. లాహోరు ఇంజనీరుగారు పెన్ను అందుకుని, అది ఎలా పలకాలి అని అడిగారు. ఆవిడ చెప్పారు. "చే-య-బోం" అంటూ ఆయనే ముందు సంతకం పెట్టారు. వెనకాలే మన ప్రెసిడెంటుగారు. ఫైర్ ఇంజన్ వచ్చేసరికి కాగితం నిండిపోయింది.

ఆ తర్వాత మా వీధిలో అదొక ఆట అయిపోయింది. ఆవిడ కిటికీలోంచి తాలింపు ఘాటు వెళ్ళినప్పుడల్లా ఆయన అట్నుంచి గట్టిగా దగ్గి, "డాక్టరమ్మా!" అని పిలిచేవారు. ఆవిడ "ఇంక చేయబోం" అని అరిచేవారు. మర్నాడు మళ్ళీ మామూలే.

పోయిన డిసెంబరు ఆఖరున రెండు ప్రభుత్వాలూ నిజంగానే సంతకాలు చేశాయి! ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయబోమని! అప్పటికే ఆవిడకి ఒంట్లో బాగా లేదు. అయినా కోటు వేసుకుని, మంచులో మేజోళ్ళతోనే మా ఇంటికి వచ్చేశారు. నేను ఆవిణ్ణి వాటేసుకుని గిరగిరా తిప్పాను. మా కారు బానెట్ మీది కాగితం వల్లే జరిగిందని నేను ఎగురుతుంటే, అంత లేదులే అన్నట్టు చెయ్యి ఊపారు. "మనమూ అడిగాం కదమ్మాయ్, అది చాలు" అన్నారు. వెళ్తూ వెళ్తూ మా హాల్లో లైటు ఆర్పేశారు.

నిన్న దహనమూ అవీ అన్నీ అయ్యాక ఆవిడ వంటింట్లో నేనే వంట చేశాను. చారుకి తాలింపు వేస్తూ, అలవాటు కొద్దీ ఆవిడ కిటికీ తెరిచాను. మిరపకాయలు నల్లబడ్డాయి. కాసేపటికి అట్నుంచి దగ్గు వినిపించింది. "డాక్టరమ్మా" అన్న పిలుపు రాలేదు. నేనే కిటికీలోంచి తల బయటపెట్టి "ఇంక చేయబోం" అన్నాను. దగ్గుతూనే నవ్వారాయన. తన కిటికీ మాత్రం మూయలేదు.