మా అన్నకు వినిపించిన పిలుపు

దయ్యాలనీ గాలి సోకడమనీ ఎవరైనా చెబితే నేను నమ్మను. మా ఇంట్లో తాయెత్తు కట్టించుకోని మనిషిని నేనొక్కదాన్నే. జమ్మలమడుగు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. పిల్లలకు ధ్వని పాఠం చెప్పేది కూడా నేనే. ఇప్పుడు రాస్తున్నది ఆ పాఠంలో ఎక్కడా ఇమడదు. అందుకే బయట ఎవరికీ పెద్దగా చెప్పలేదు.

మా అన్న దస్తగిరికి చెవులు వినపడవు. పుట్టుకతో వచ్చింది కాదు. ఇంటర్ చదివేటప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం మిగిలింది. తన గొంతు తనకు తెలియదు కాబట్టి ఒకోసారి గట్టిగా, ఒకోసారి గుసగుసగా మాట్లాడతాడు. మేం చెప్పేది పెదాలు చూసి పట్టుకుంటాడు. అర్థం కాకపోతే అరచేయి చాపుతాడు, వేలితో రాస్తాం. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే చోట పనిచేస్తాడు. ఆ మిషన్ల మోతకు అక్కడ అందరికీ తలనొప్పి, అన్నకు తప్ప.

ఒక చలికాలం సెలవులకు అన్న మా ఇంటికి వచ్చాడు. మైలవరం రిజర్వాయరు ఒడ్డు చూద్దామన్నాడు. గండికోట లోయలోంచి పెన్న వచ్చి అక్కడ నిలుస్తుంది. ఆ ఏడు వానలు బాగా పడి నీళ్లు రాళ్ల దాకా ఎక్కి ఉన్నాయి. లోయ వైపు పోయేకొద్దీ ఒడ్డు అనేది ఉండదు, ఎర్రటి బండలే. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. కొన్ని విరిగి నీళ్లలో పడి ఉంటాయి. సముద్రం చూడని మా అన్నకు అదే సముద్రం.

పొద్దున ఉగ్గాని తిని నా స్కూటీ మీద బయలుదేరాం. బండి ఆపిన చోటు నుంచి నడక. నడకంటే నడక కూడా కాదు, బండ మీంచి బండ మీదికి దాటడమే. అన్న ముందు పోయి నాకు చేయందిస్తున్నాడు. మధ్యమధ్యలో ఆగి రాళ్లను అరచేత్తో తడిమి చూస్తున్నాడు. చల్లటి గాలి నీళ్ల మీంచి కొడుతోంది. సెలవు రోజైనా అటువైపు మనిషి జాడ లేదు. ఫోన్లో సిగ్నల్ కూడా పోయింది.

మధ్యాహ్నం దాటాక ఒక పెద్ద బండ మీద కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తింటున్నాం. అన్న నమలడం ఆపాడు. తల తిప్పి లోయ వైపు చూశాడు. ఏదో పక్షిని చూశాడనుకున్నాను.

"ఎవురో పిలుస్తాండారు మాబున్నీ. నీకు ఇనపడ్లా?"

నా చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. నేను చెవులు రిక్కించి విన్నాను. గాలి, నీళ్లు బండలకు తగిలే చప్పుడు. అంతకు మించి ఏమీ లేదు. చెవులు పోయిన కొత్తలో తలలో హోరు వినపడుతోందని అన్న చెప్పేవాడు. డాక్టర్లు అది మామూలేనన్నారు. అదే మళ్లీ మొదలైందేమోనని అరచేతిలో 'హోరా?' అని రాశాను.

"కాదు. అది తల లోపల ఉండేది. ఇది అటునుంచి వస్తాండాది." ముందుకు పొడుచుకొచ్చిన కొండ కొమ్ము వైపు చేయి చూపించాడు.

లేచి నడవడం మొదలుపెట్టాడు. అక్కడ బండలు పాచి పట్టి ఉన్నాయి, కింద నీళ్లు లోతు. చొక్కా పట్టుకుని లాగాను. విడిపించుకున్నాడు. వెనకే పోవడం తప్ప నాకు దారి లేదు.

ఆ నడకలో నేను చూసింది ఇప్పటికీ కళ్లలో ఉంది. కొంత దూరం పోయి ఆగుతున్నాడు. తల కొంచెం పక్కకు వంచుతున్నాడు. ఒక చెవి ముందుకు పెట్టి, కళ్లు సగం మూసి వింటున్నాడు. చిన్నప్పుడు వీధిలో ఐసుబండి గంట మోగితే ఎటునుంచి వస్తోందో తెలుసుకోవడానికి అట్లాగే చేసేవాడు. అన్న అట్లా తల వంచడం నేను మరిచిపోయాను. వెనక నడుస్తూనే నాకు ఏడుపొచ్చింది.

కొమ్ము దాటాం. "దగ్గరికొచ్చినాం," అన్నాడు. ఇంకొంచెం పోయాక నిలబడిపోయాడు. "ఆగిపోయినాది." ముఖం తెల్లబోయింది. చుట్టూ తిరిగి చూశాడు. వెనక్కి పోదామని నేను సైగ చేశాను. వినలేదు. మోకాళ్ల మీద వంగి, బండల సందుల్లోకి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు.

రెండు బండల మధ్య సందులో ఒక ఆడమనిషి ఉంది. నడుముకు పైదాకా నీళ్లలో ఉంది. కాలు బండ కింద ఇరుక్కుంది. తల ఒక పక్కకు వాలి, కళ్లు మూసుకుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. చనిపోయిందనుకున్నాను. ముక్కు దగ్గర వేలు పెడితే సన్నగా ఊపిరి తగిలింది.

బండ మొదట కదల్లేదు. ఎండు కొమ్మ ఒకటి సందులో దోపి ఇద్దరం బరువు వేశాం, అది విరిగింది. అన్న నీళ్లలోకి దిగి భుజం ఆనించి ఎత్తాడు. నేను చంకల కింద చేతులేసి ఆమెను లాగాను. అన్న ఆమెను వీపున వేసుకుని ఆ బండల మీంచే తిరిగి నడిచాడు. సిగ్నల్ దొరికే ఎత్తుకు నేను పరిగెత్తి ఫోన్ చేశాను. అంబులెన్సు ఎక్కించేదాకా అన్న ఆమె చేయి వదల్లేదు.

ఆమె పేరు ఓబులమ్మ. మేకలు కాచుకుంటుంది. కాస్త కోలుకున్నాక ఆసుపత్రికి పోయి చూశాం. గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. మేకపిల్ల సందులోకి జారితే దిగానని, దాన్ని పైకి తోసేటప్పుడు బండ పొర్లి కాలి మీద పడిందని చెప్పింది. పైనుంచి నీళ్లు వదిలారేమో, పొద్దెక్కేకొద్దీ నీళ్లు పెరుగుతూ వచ్చాయట.

"పొద్దున శానా అరిసినానమ్మా. గొంతు పోయినాది. ఇంగ అరిసేకి శాతకాక ఊరుకుండిపోతి. మీరు వచ్చిన పొద్దుకి నాకు తెలివే లేదు."

ఏమని అరిచావని అడిగాను. అన్న నా పెదాలు చూసి ప్రశ్న పట్టుకున్నాడు. ఆమె చెప్పేలోపే, ఆమె పెదాల వైపు చూడకుండా, కిటికీ వైపు తిరిగి అన్నాడు.

"ఓ సామీ, ఈడుండా. అంతేనా?"

ఓబులమ్మ మంచం మీదే చేతులు జోడించింది.

బయటికి వచ్చాక, బండల దగ్గర విన్న గొంతు ఎట్లా ఉందని అన్నను అడిగాను. "గరుకుగా ఉండాది. 'సామీ' అన్నేటప్పుడు శివర్లో పైకి లేపి సాగదీస్తాది," అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక శబ్దాన్ని వర్ణిస్తూ తడుముకుంటున్నాడు. ఓబులమ్మ గొంతు అప్పుడున్న స్థితిలో అది నిజమో కాదో తేల్చుకునే వీలు లేదు.

నాకు తోచిన కారణాలన్నీ ఆలోచించాను. ఆమె రాయితో బండను కొట్టి ఉంటే ఆ అదురు అన్న ఒంటికి తెలిసి ఉండొచ్చు. కానీ ఆమెకు స్పృహే లేదు. పైగా అదురు తెలియవచ్చు గానీ మాటలు తెలియవు. అన్న చెవులు బాగుపడుతున్నాయేమోనన్న ఆశతో కర్నూలు తీసుకుపోయి పరీక్ష చేయించాను. పాత రిపోర్టుకూ కొత్తదానికీ తేడా లేదన్నారు. పొద్దున అరిచిన అరుపు మధ్యాహ్నం దాకా ఆ లోయలో ఉండదు. ఆ సంగతి నేను ఏటా బోర్డు మీద రాసి చెబుతాను. ఆ పాఠాన్ని ఇప్పటికీ అట్లాగే చెబుతున్నాను. అది తప్పని అనలేను. ఆ రోజు జరిగింది అబద్ధమనీ అనలేను.

అన్న మాత్రం రెండుమూడుసార్లు ఒక్కడే ఆ బండల దగ్గరికి పోయి కూర్చుని వచ్చాడు. ఏమైనా వినిపించిందా అని నేను అడగలేదు.

ఎండలు మొదలయ్యాక ఒక ఆదివారం అన్న మా ఇంట్లో ఉన్నాడు. వాకిలికి వీపు పెట్టి కూర్చుని మామిడికాయలు కోస్తున్నాడు. గేటు దగ్గర ఎవరో పిలిచారు.

"ఓ సామీ..."

గరుకు గొంతు. చివర్లో పైకి లేచి సాగింది. ఓబులమ్మ కర్ర ఊతంగా నిలబడి ఉంది, చంకలో చింతచిగురు మూట. అన్న తల తిప్పలేదు. ముక్కలు కోస్తూనే ఉన్నాడు.

భుజం తట్టి చూపించాను. అన్న లేచి గేటు దగ్గరికి పోయి ఆమెను లోపలికి తీసుకొచ్చాడు. నా వైపు తిరిగి, "ఎట్లుండాది గొంతు?" అన్నాడు. నువ్వు చెప్పినట్లేనని అరచేతిలో రాశాను.

అన్న కాసేపు ఆ చేతిని చూసుకున్నాడు. తర్వాత ఓబులమ్మతో, "ఇంగొక్కసారి పిలుసు," అని కళ్లు మూసుకున్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను సరేనన్నట్టు తల ఊపాను. గొంతెత్తి పిలిచింది. పక్కింటివాళ్లు తొంగి చూసేంత గట్టిగా పిలిచింది.

అన్న తల కొంచెం పక్కకు వంచి, కళ్లు మూసుకునే ఉన్నాడు. చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. తర్వాత కళ్లు తెరిచి నన్ను అడిగాడు.

"పిలిసినాదా?"