మిర్యాలగూడలో మా ఇద్దరి ఆదులు

నాకు ఉద్యోగానికి సరిపడే బట్టలు కుదిరే సమయానికి అమ్మకు ఏ బట్టా సరిపోకుండా పోయింది. ఆ ఏడాది తిరక్కుండానే అమ్మ కూడా పోయింది. అందుకే నా బట్టల సంగతి ఎవరైనా అడిగితే అమ్మ జాకెట్ల సంగతి దానంతటదే వచ్చేస్తుంది. రెంటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

మేమిద్దరం సూర్యాపేటలో ఉండేవాళ్ళం. నేను రోజూ బస్సులో కోదాడ వెళ్ళి ఒక ప్రైవేటు కాలేజీలో అడ్మిషన్ల కౌంటరులో కూర్చునేదాన్ని. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులతో మాట్లాడటం నా పని. చదువుకోని తండ్రి ఎదురుగా కూర్చుని చెప్పులు బల్ల కిందికి దాచుకుంటుంటే, ముందు మంచినీళ్ళిచ్చి ఆ తర్వాతే ఫీజు సంగతి ఎత్తాలని నాకు తెలుసు. ఆ కుర్చీ నాకిష్టం. చీర కట్టుకుని వెళ్ళేదాన్ని. లావుగా ఉన్నవాళ్ళను చీర చాలా కాపాడుతుంది, ఒళ్ళెంతున్నా కుచ్చిళ్ళలో, పైటలో సర్దుకుపోతుంది.

వేసవి అడ్మిషన్లకు ముందు కొత్త మేనేజరు వచ్చాడు. కౌంటరులో కూర్చునేవాళ్ళు వచ్చే నెల నుంచి చీరల్లో రావద్దనీ, స్మార్ట్ క్యాజువల్స్, అంటే ప్యాంటూ కుర్తా లాంటివి, వేసుకోవాలనీ మీటింగు పెట్టి చెప్పాడు. అందరూ లేచి వెళ్ళిపోతుంటే నన్ను ఆపాడు. "మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి మేడం, లోపల రికార్డుల గదిలో కూడా మనిషి కావాలి" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో. ఆ గది జనరేటరు పక్కన ఉంటుంది, కిటికీ లేదు. అందులోకి పోయినవాళ్ళను మళ్ళీ ముందుకు పిలిచిన దాఖలా లేదు. నా పక్క సీటు అమ్మాయి సన్నగా ఉంటుంది, ఆమెను ఆపి అడగలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నవ్వి "చూస్తాను సార్" అన్నాను.

ఆ ఆదివారం సూర్యాపేటలో పెద్ద బట్టల షాపుకి వెళ్ళాను. నేనింకా నోరు తెరవలేదు, కౌంటరు వెనకున్న పిల్ల నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి "మీ సైజు రాదు మేడం" అంది. ఏం కావాలో చెప్పనీయవే తల్లీ అనుకున్నాను. రుమాలు కొనడానికి వచ్చానేమో, ఎవరికి తెలుసు. మర్నాడు కోదాడలో కాలేజీ అయ్యాక ఇంకో షాపుకి వెళ్ళాను. అక్కడి సేల్స్ ఆవిడ మంచి మనిషే. కుర్తీలన్నీ తిరగేసి, చివరికి గొంతు తగ్గించి, "మీకు ఇందులో రావండి. కడుపుతో ఉన్నవాళ్ళ కుర్తీలున్నాయి, లూజుగా ఉంటాయి, చూపించమంటారా?" అని అడిగింది. చూపించమన్నాను. రెండు తీసుకున్నాను కూడా. బస్సులో ఒక ముసలావిడ ఆ కవరు మీది గర్భిణి బొమ్మ చూసి, లేచి నాకు సీటిచ్చింది. కాదని చెప్పే ఓపిక లేక కూర్చున్నాను.

ఇంటికొచ్చి అద్దం ముందు వేసుకుంటే గుడారం కప్పుకున్నట్టుంది. దాచుకుందామని లూజు బట్ట వేసుకుంటే ఉన్నదానికి ఇంకో మనిషిని కలిపినట్టవుతుందని అప్పుడే తెలిసింది. భుజం దగ్గర కుట్టు సరిగ్గా భుజం మీదే పడాలి. కుర్తా నేరుగా దిగి, పక్క చీలికలు తుంటి కింద మొదలవ్వాలి. గుడ్డ కాస్త బరువున్న కాటన్ అయ్యుండాలి, ఒంటికి అతుక్కునే జారుడు గుడ్డ పనికిరాదు. ఇదంతా నేను కనిపెట్టిందేమీ కాదు, ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. కానీ అలాంటివి రెడీమేడ్‌లో నాకు దొరకవు. కుట్టించుకోవాలి. కుట్టించుకోవాలంటే మిర్యాలగూడ పోవాలి.

మా నాన్న బతికున్నప్పుడు మిర్యాలగూడలో రైసుమిల్లు గుమస్తా. అక్కడ మా వీధిలోనే ఒకామె కుట్టుమిషను పెట్టుకుని ఉండేది. మేం సూర్యాపేటకు మారినా మా జాకెట్లు ఆమే కుడుతుంది. మా ఇద్దరి ఆది జాకెట్లు, అంటే కొలత కోసం ఇచ్చే పాత జాకెట్లు, ఆమె దగ్గరే మూటలో ఉండిపోయాయి. గుడ్డ బస్సులో పంపితే చాలు, ఆది చూసి కుట్టి పంపేది. మనిషి పోవక్కర్లేదు. టేపు అక్కర్లేదు.

మా ఇంట్లో టేపు నిషిద్ధం. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు యూనిఫాం కొలతలకు ఒక టైలరు వచ్చాడు. నా నడుం చుట్టూ టేపు వేసి, రాసుకునే మనిషికి వినపడాలని అంకె గట్టిగా అరిచాడు. తరగతంతా నవ్వింది. వాళ్ళ నోట చాలాకాలం నా పేరు ఆ అంకే. ఆ సాయంత్రం ఏడుస్తూ వస్తే అమ్మ, తనూ లావు మనిషే, నన్ను దగ్గరికి తీసుకుని "మన ఒంటి లెక్క మనకెందుకు బిడ్డా, గుడ్డకు తెలిస్తే సాలు" అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఆదులే. అమ్మ ఆ మాట నన్ను కాపాడటానికే అంది. నిజంగానే చాలా ఏళ్ళు కాపాడింది.

ఇప్పుడు ప్యాంట్లకు ఆది ఎక్కడిది? నేను బతుకులో ప్యాంటు వేసుకుంటే కదా. టేపు తప్పదని తెలిసి రెండు రోజులు అన్నం సరిగా దిగలేదు. అమ్మ కూడా వస్తానంది. అమ్మకు వేరే పని ఉంది. టైలరమ్మతో తేల్చుకోవాలి.

అంతకుముందు చలికాలం నుంచి అమ్మకు పంపిన జాకెట్లన్నీ వదులుగా వస్తున్నాయి. మొదటిసారి పిన్నీసు పెట్టుకుంది. రెండోసారి తిప్పి పంపింది. మూడోసారి ఫోను చేసి "కండ్లు కనవడుతలేవా నీకు? సంచి కుట్టినవ్, జాకెట్ కాదు" అంది. అవతల టైలరమ్మ "నీ ఆదికే కుట్టిన అక్కా, నూలుపోగు అటిటు కాలే" అంది. అమ్మ ఫోను పెట్టేసి, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కుట్టరాక ఆది మీద పెడుతున్నదని నాతో అంది. నేను కూడా అమ్మ మాటే నమ్మాను. పాపం, వయసొచ్చి ఆమె చెయ్యి తప్పుతోందని ఇద్దరం అనుకున్నాం.

మరోపక్క ఊరంతా అమ్మను మెచ్చుకుంటోంది. ఆత్మకూరులో చుట్టాల పెళ్ళికి పోతే ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. "ఎంత సన్నగైనవ్ వదినా, పదేండ్లు తగ్గినట్టు కొడుతున్నవ్. ఏం తింటున్నవ్ జర మాక్కూడ సెప్పు" అంటే అమ్మ "పొద్దుగాల ఒక జొన్నరొట్టె, రాత్రికి మజ్జిగ. గంతే" అని గొప్పగా చెప్పింది. బతుకంతా వెక్కిరింపులు పడ్డ మనిషి. ఆ రోజు ఆమె ముఖం వెలిగిపోయింది. రాత్రికి మజ్జిగ ఎందుకంటే అన్నం లోపలికి పోవడం లేదు. అది ఆమె చెప్పలేదు. తిండి తగ్గించింది కాబట్టి తగ్గిందని ఆమె కూడా అనుకున్నదేమో. నాకు మాత్రం లోలోపల కుళ్ళు. అరవైకి దగ్గరపడ్డ మనిషికి చేతనైంది, నాకెందుకు కావడం లేదని.

మిర్యాలగూడలో టైలరమ్మ ముందు నా కొలతలే తీసింది. నేను కళ్ళు మూసుకుని "అంకె పైకి చెప్పకు" అన్నాను. ఆమె కొలిచి పుస్తకంలో రాసుకుంది. టేపు చల్లగా తగులుతుంటే హైస్కూలు గుర్తొచ్చింది. అయిపోయాక అమ్మ సంచిలోంచి వదులు జాకెట్ తీసి ఆమె ముందు పడేసింది. టైలరమ్మ మూట విప్పి, అమ్మ ఆది తీసి, దాని మీద కొత్త జాకెట్ పరిచింది. అంచుకు అంచు కలిసింది. చంక దగ్గర, నడుం దగ్గర, ఎక్కడా తేడా లేదు.

"గీ ఆదే తొడుక్కొని సూడు అక్కా" అంది.

అమ్మ పరదా వెనక్కి పోయి తన పాత ఆది తొడుక్కుని వచ్చింది. అది కూడా వదులుగా వేలాడుతోంది.  ముగ్గురం ఒకరినొకరం చూసుకుని నవ్వాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. మేం సంతోషపడ్డాం. "తప్పు నాది కాదు, నీది. నువ్వే తగ్గినవ్" అని టైలరమ్మ అంటే, అమ్మ "ఇన్నేండ్లకు తప్పు నా మీదకొచ్చినందుకు మంచిగనే ఉన్నది" అంది. ఇద్దరి అలకా తీరిపోయింది. చాయ్ తెప్పించుకున్నాం. ఇగ ఆ ఆది పనికిరాదని టైలరమ్మ అమ్మకు టేపు వేసింది. అమ్మ చేతులు పైకెత్తి నిలబడి, "పైకి సదువు" అంది. ఆమె చదివింది. "మళ్ళొకసారి సదువు" అంది అమ్మ. మళ్ళీ చదివింది.

నా బట్టలు నెలాఖరుకు వచ్చాయి. ముదురు రంగు ప్యాంట్లు, ముందు సాపుగా, వెనక ఎలాస్టిక్‌తో. ముప్పావు చేతుల కుర్తాలు, మెడ కిందికి దిగేలా. పైన తొడుక్కోవడానికి చేతుల్లేని పొడవాటి కోటు ఒకటి, చేనేత గుడ్డతో. అద్దంలో నేను నేనుగానే ఉన్నాను, లావుగానే ఉన్నాను, కానీ ఎక్కడా క్షమాపణ అడుగుతున్నట్టు లేను. అమ్మ మంచం మీద కూర్చుని "ఇటు తిరుగు, ఎనక కూడ సూపియ్యి" అంది. చూసి "మంచిగ పడ్డది. ఇగ నిన్నెవడు లేపుతడో సూద్దాం ఆ కుర్సీల నుంచి" అంది. నిజంగానే ఎవరూ లేపలేదు. మేనేజరు చూసి తల ఊపాడు, రికార్డుల గది మాట మళ్ళీ ఎత్తలేదు.

అదే మూటలో అమ్మకు కొత్త కొలతలతో కుట్టిన జాకెట్లు కూడా ఉన్నాయి. అమ్మ ఒకటి తొడుక్కుంది. భుజం జారింది.

ఈసారి తిట్టడానికి ఎవరూ లేరు. ఆది పాతది కాదు. టేపుతో, మా కళ్ళ ముందే, పైకి చదివి, రెండుసార్లు చదివి తీసిన కొలత. నెల కూడా కాలేదు. అమ్మ జారిన భుజాన్ని పైకి లాక్కుంటూ నా వైపు చూసింది. నేను కుర్తా మార్చుకోకుండా అలాగే మంచం మీద కూలబడ్డాను. "రేపు దవాఖానకు పోదాం" అన్నాను.

సూర్యాపేటలో చూసి పట్నం పొమ్మన్నారు. పట్నంలో కడుపులో గడ్డ అన్నారు, చాలా పాకిందన్నారు. ఎప్పటి నుంచి బరువు తగ్గుతున్నారని డాక్టరు అడిగాడు. మా ఇంట్లో బరువు ఎవరికి తెలుసు. జాకెట్లు వదులైనప్పటి నుంచి అని చెప్పాను.

వానలు వెనకపట్టేసరికి అమ్మ అయిపోయింది. చివరిసారి చీర కట్టేటప్పుడు ఆడవాళ్ళు జాకెట్ ఇమ్మంటే బీరువా తెరిచాను. ఒక్కటీ సరిపోలేదు. చివరికి ఒకటి తొడిగి, వీపు వెనక గుడ్డ మడిచి పిన్నీసులు పెట్టారు. గుచ్చుకుంటుంది జాగ్రత్త అని ఎవరో ఎవరితోనో అన్నారు.

దినాలు అయ్యాక కౌంటరుకు తిరిగి వెళ్ళాను. ఇంట్లో ఒక్కదానికే వండుకోబుద్ధయ్యేది కాదు. కొన్నాళ్ళకు నా పక్క సీటు అమ్మాయి, "బాగా తగ్గారండీ, ఈ కుర్తా ఇప్పుడు ఇంకా బావుంది. ఏం చేస్తున్నారు, మాక్కూడా చెప్పండి" అంది. ఆమె మంచికే అంది. "మా అమ్మ చచ్చిపోయింది" అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది, నాకు జాలి కూడా కలగలేదు. బాత్‌రూంలోకి పోయి కుర్తా పక్కలు పట్టి చూసుకున్నాను. పిడికెడు గుడ్డ చేతిలోకి వచ్చింది.

మర్నాడే దవాఖానకు పోయి పరీక్షలన్నీ చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. నమ్మకం కుదరలేదు. మిర్యాలగూడ పోతే టైలరమ్మ కుర్తా చూసి, పక్కలు లోపలికి పట్టమంటావా అని అడిగింది. "ముట్టుకోకు, గట్లనే ఉండనీ" అన్నాను. ఆమె టేపు తీసి మెడలో వేసుకుని, లోపలికి పోయి నాకు అన్నం పెట్టుకొచ్చింది. అమ్మ ఆది ఇంకా ఆ మూటలోనే నా ఆది పక్కన ఉంది. ఇవ్వమని నేను అడగలేదు, తీసుకుపొమ్మని ఆమె కూడా అనలేదు.

ఎండాకాలం మొదట్లో మళ్ళీ వెళ్ళాను. ఆమె నా నడుం చుట్టూ టేపు వేసింది. నా పాత అలవాటు తెలుసు కాబట్టి అంకె చెప్పలేదు. నొచ్చుకుంటానని కాబోలు, గొంతు తగ్గించి "జర ఒళ్ళొచ్చింది బిడ్డా" అంది.

"పైకి సదువు" అన్నాను.

చదివింది. మళ్ళొకసారి చదవమన్నాను. పుస్తకంలో రాసుకున్న నా పాత అంకెకు అది దగ్గర్లోనే ఉందని ఆమే చూసి చెప్పింది. హైస్కూల్లో టైలరు అరిచిన అంకె కంటే చాలా పెద్దది. నేను అక్కడే మిషను పక్కన కింద కూర్చుని, అమ్మ పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చాను.