రెండోవాడి చొక్కా

మా అక్క బట్టలు చూసి మనుషుల్ని చదివేస్తుంది. అక్కంటే తోడబుట్టింది కాదు. మూడంతస్తుల మేడలో మెట్ల కింద ఆవిడ ఇస్త్రీ బల్ల, పక్క షట్టరులో నా కుట్టుమిషను. పదకొండేళ్ళుగా ఇద్దరం ఒకే ఫ్యాను గాలి పంచుకుంటున్నాం కాబట్టి అక్క అయింది. ఆ వరసన ఆవిడ మొగుడు నాకు బావ. ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకు అలా దొరికింది. దాన్ని నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు.

ఉదయం ఏడు కొట్టేసరికి అక్క బల్ల మీద దుప్పటి నాలుగు మడతలు వేసి పరుస్తుంది. మూతకు చిల్లులు పెట్టిన సీసాతో నీళ్ళు చిలకరిస్తుంది. ముందు కాలరు, తర్వాత చేతులు, చివర వీపు. చెయ్యి పని చేస్తుంటే నోరు ఊరుకోదు. "రెండో అంతస్తు సారు ప్యాంట్లకి బెల్టు మడతలు రెండంగుళాలు లోపలికి జరిగాయి. ఒంట్లో ఏదో తేడా ఉంది, షుగరు చూపించుకోమనండి" అంది ఒకసారి. ఆయన చూపించుకున్నాడు. ఉంది. ఇక ఆ రోజు నుంచి మా వీధిలో అక్క మాటకు తిరుగు లేదు. ఇరవై రెండేళ్ళలో ఒక ఇంటి బట్ట ఇంకో ఇంటికి పోలేదని ఆవిడ రోజుకోసారైనా చెప్పేది. నేను తలూపేవాణ్ణి, ఎందుకంటే అది నిజం.

అలాంటి అక్క ఆ వారం చేసిన పొరపాటు చెబుతాను. అందులో నా వాటా కూడా దాచను.

ఆ మంగళవారం ఊళ్ళో ఘోరం జరిగింది. యాప్‌లో కారు బుక్ చేసుకున్నవాడొకడు ఆ కారు డ్రైవరునే చంపి కారుతో ఉడాయించాడు. మర్నాటికల్లా దొరికిపోయాడు. కానీ శుక్రవారం ఒక ఫొటో బయటికొచ్చింది. హత్యకు గంట ముందు పెట్రోలు బంకు కెమెరాలో పడింది. అదే కారు, కిటికీ దగ్గర వంగి మాట్లాడుతున్న మరో మనిషి. వెనక నుంచి పడ్డాడు, ముఖం లేదు. గళ్ళ చొక్కా, భుజం మీద ముదురుపచ్చ అతుకు. ఇందులో రెండోవాడి చెయ్యి కూడా ఉండొచ్చనీ, ఇతనెవరో తెలిస్తే చెప్పమనీ పోలీసులు అడిగారు.

శనివారం పొద్దున అందరి ఫోన్లలోనూ ఆ ఫొటోయే. అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క క్షణం చూసింది.

"ఇది మూడో అంతస్తు డ్రైవరబ్బాయి చొక్కా."

"గళ్ళ చొక్కాలు ఊరినిండా ఉంటాయి కదక్కా" అన్నాను.

"అతుకు చూడరా. సీటు బెల్టు రాపిడికి వాళ్ళ చొక్కాలు భుజం మీదే అరుగుతాయి. ఇది నువ్వు వేసిందే కదూ?"

నేనూ చూశాను. అతుకు నాదే. పచ్చగుడ్డ ముక్క దొరికితే వేసి, మూలలు గుండ్రంగా తిప్పాను. అలా తిప్పే దర్జీ ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. పనితనం గురించి అడిగితే మూసుకునే నోరు కాదు నాది. "నాదే!" అన్నాను గొప్పగా.

అంతే. పది గంటలకల్లా గోరంత కొండంత అయింది. ఆ డ్రైవరబ్బాయి మా మేడలో అద్దెకు దిగి ఏడాది. పాతికేళ్ళుంటాయి. తనూ యాప్‌లోనే కారు నడుపుతాడు. తలొంచుకుని వస్తాడు, తలొంచుకుని పోతాడు. ఇన్నాళ్ళూ అది బుద్ధిమంతుడి లక్షణం. ఆ పూట నుంచి అది దొంగ లక్షణమైంది. "అందుకేనా తలుపు చప్పుడు కాకుండా వేసుకుంటాడు!" అంది ఇంటి ఓనరమ్మ. "బుకింగ్ వాడిది, దారి వీడిది. ఏ సందులో మనిషి తిరగడో డ్రైవరుకి కాక ఎవరికి తెలుస్తుంది?" అన్నది నేను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. "రెండు రోజుల్నుంచి అన్నం తినడం లేదు, కళ్ళు వాచిపోయాయి. భయం పట్టుకుంది" అని అక్క తేల్చేసింది.

బావ ఒక్కడే నోరెత్తలేదు. ఆయన పని ఇస్త్రీ మూటలు సైకిలు మీద ఇళ్ళకు చేర్చడం. కడుపులో గ్యాసని చెప్పి మూలన కూర్చున్నాడు.

ముందుగా అతని గది ఖాళీ చేయిస్తే పోలీసులు తన గుమ్మం తొక్కరని ఓనరమ్మ ఆలోచన. తర్వాత స్టేషనుకి ఫోన్ చేద్దామంది. సాయంత్రమే పైకి వెళ్ళి, ఆదివారం మధ్యాహ్నానికి సామాను తీసెయ్యమని ఆ అబ్బాయికి చెప్పేసింది. కారణం చెప్పలేదు. కానీ మెట్లెక్కిన గుసగుసలు మూడో అంతస్తుకి చేరకుండా ఉంటాయా?

ఆదివారం పొద్దున డ్రైవరబ్బాయి తన బట్టల కోసం బల్ల దగ్గరికి వచ్చాడు.

"పిన్నీ, మీరంతా నా గురించి ఏమనుకుంటున్నారో తెలిసింది. ఒక్కటి అడుగుతాను. సోమవారం సాయంత్రం నా చొక్కాలన్నీ మీకే ఇచ్చాను కదా. బుధవారం కదా మళ్ళీ తీసుకున్నాను. మంగళవారమంతా టీషర్టు మీద తిరిగాను. ఆ చొక్కా నా ఒంటి మీదికి ఎలా వస్తుంది?"

మూట తీసుకుని, సామాను సర్దుకోవడానికి పైకెళ్ళిపోయాడు. గొంతు పెంచలేదు. పెంచి నాలుగు తిట్టినా మాకు బాగుండేది.

అక్క చెయ్యి ఆగిపోయింది. సోమవారం తీసుకుంది, బుధవారం ఇచ్చింది, నిజమే. మధ్యలో ఆ చొక్కా ఉన్నది ఆవిడ అరలోనే. అక్క మెల్లగా మూల వైపు తిరిగింది. అక్కడ బావ, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నిజంగానే భుజం తడుముకుంటున్నాడు.

"ఏమండీ, ఇలా రండి."

వచ్చాడు.

"అటు తిరగండి."

"ఎందుకే?"

"తిరగండి, చెప్తాను. కాస్త వంగండి."

వంగాడు. అక్క ఫోను పైకెత్తి ఆయన వీపు పక్కన పెట్టింది. ఫొటోలో మనిషి నడినెత్తిన కోటు గుండీ అంత బట్టతల. బావ నడినెత్తిన కోటు గుండీ అంత బట్టతల. రెండ్రోజులుగా ఊరంతా చూసిన బట్టతలే! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామంటే ఇదే. నాకు నవ్వు ఆగలేదు. అక్క చూసిన చూపుకి ఆగింది.

బావ కక్కేశాడు. మంగళవారం లాడ్జి మేనేజరుని దుప్పట్ల పని అడగడానికి బయల్దేరుతుంటే సొంత చొక్కా మీద టీ ఒలికింది. చేతికందిన చొక్కా వేసుకున్నాడు. దారిలో సైకిలుకి గాలి కొట్టించుకుందామని బంకులో ఆగాడు. ఆ కారు తలుపు సందులోంచి బెల్టు కొస బయటికి వేలాడుతుంటే డ్రైవరుకి చెప్పాడు. అంతే.

"మరి ఫొటో చూసినప్పుడే చెప్పొద్దూ?" అన్నాను.

"పోలీసులంటే భయం" అన్నాడు. ఓరగా అక్క వైపు చూసి, "ఇంకా ఎక్కువ భయం ఇంకోటుంది" అన్నాడు.

అక్క తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. స్టూలు మీద కూలబడింది. "ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాను. చొక్కాని పట్టాను, లోపలున్న మీ వీపుని పట్టలేకపోయాను" అంది. ఆ గొంతులో కోపం కంటే అవమానమే ఎక్కువగా వినిపించింది.

బావ గొంతు తగ్గించాడు. "ఆ అబ్బాయి ఎలాగూ వెళ్ళిపోతున్నాడు కదే. పోలీసులకి నేను మెల్లగా వీలు చూసుకుని చెప్తాను. ఇచ్చిన బట్టలు మనం కట్టుకుంటామని తెలిస్తే రేపు మనకెవడిస్తాడు?"

ఆ మాటలో నిజముంది. ఇరవై రెండేళ్ళ పేరు, ఇద్దరి తిండి ఆ బల్ల మీదే ఉన్నాయి. అక్క కాసేపు బల్లకేసి చూసింది. తర్వాత సగం చొక్కా ఇస్త్రీలో ఉండగానే ప్లగ్గు పీకేసింది. ఆవిడ అలా పని సగంలో ఆపడం నేనదే మొదలు చూడటం.

మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ ఆగి, అందరి తలుపులూ తట్టి అరిచింది. "ఆ ఫొటోలో ఉన్నది మా ఆయన! చొక్కా మూడో అంతస్తు అబ్బాయిది, వాడుకున్నది మేము. తప్పు మాది. రేపట్నుంచి నాకు బట్టలివ్వాలని లేకపోతే మానెయ్యండి. ఆ పిల్లాణ్ణి మాత్రం ఒక్క మాట అనొద్దు." మూడో అంతస్తు చేరేసరికి ఆయాసంతో మాట రాలేదు. గుమ్మంలో నిలబడి ఆ అబ్బాయికి రెండు చేతులూ జోడించింది. అతను కంగారుపడి ఆ చేతులు దించేశాడు.

ఓనరమ్మ వెనకాలే వచ్చి, "ఖాళీ చెయ్యమని ఎవరన్నారు? నేనా? గది కడిగించుకోమన్నాను!" అంది. అందరూ నవ్వారు. ఆ అబ్బాయీ నవ్వాడు, కొంచెం.

స్టేషనుకి ఎవరి కారులో వెళ్ళామనుకుంటున్నారు? అతని కారులోనే. అనుమానించినవాళ్ళం వెనక సీట్లో, అసలు రెండోవాడు ముందు సీట్లో, అనుమానం మోసినవాడు స్టీరింగు దగ్గర. అక్కడ ఆఫీసరు బావని గంటసేపు కూర్చోబెట్టి అంతా రాసుకున్నాడు. దొరికినవాడు తనొక్కడేనని మొదట్నుంచీ చెబుతున్నాడట, ఈ ఫొటో ఒక్కటే అడ్డొచ్చిందట. "ముందే వచ్చి ఉంటే మా వాళ్ళు ఊరంతా తిరిగేవాళ్ళు కాదు కదయ్యా" అని నాలుగు చీవాట్లు పెట్టి పంపించాడు.

తిరుగు ప్రయాణంలో బావకి హుషారొచ్చింది. లాడ్జి మేనేజరు దుప్పట్లిస్తానన్నాడని గొప్పలు మొదలుపెట్టాడు. అక్క వెనక నుంచి ఆయన చెయ్యి గిల్లింది. డ్రైవరబ్బాయి కారు పక్కకు తీసి ఆపాడు.

"బాబాయ్, ఆ పోయినవాడు నా ఫ్రెండు. స్టాండులో నా బండి పక్కనే పెట్టేవాడు" అన్నాడు. "బెల్టు సంగతి చెప్పినప్పుడు ఏమన్నాడు?"

కళ్ళు ఎందుకు వాచాయో, అన్నం ఎందుకు సయించలేదో అప్పుడు తెలిసింది. రెండు రోజులు చంపినవాడి గురించే మాట్లాడాం. చచ్చిపోయినవాడు నీకు తెలుసా అని ఒక్కరం అడగలేదు.

"'చూడలేదు, థాంక్స్ బాబాయ్' అన్నాడు" అని చెప్పాడు బావ.

"నవ్వాడా?"

"పెద్దగా నవ్వాడు. పన్ను మీద పన్ను ఉంది, కనబడింది."

"ఆఁ, వాడే." ముఖం తుడుచుకున్నాడు. "మొదట్నుంచి చెప్పు బాబాయ్. ఏదీ వదలకు."

ఎప్పుడూ సుత్తి కొడతాడని మేము వేళాకోళం చేసే బావ, సీట్లో సర్దుకుని కూర్చుని, సైకిల్లో గాలి తగ్గిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.