ఆ శనివారం సునీత అక్క కావాలనే రాలేదు

నిన్న పొద్దున ఉప్పల్ మెట్రో మెట్లెక్కుతుంటే ఫోన్ వచ్చింది. ప్రభాకర్ అన్న. మా సునీత అక్క భర్త.

"చెల్లె, అక్క ఇగ లేదు. గుండె ఆగింది."

"ఏం మాట్లాడుతున్నవన్నా! మొన్ననే గ్రూపుల మెసేజ్ పెట్టింది గదా!" అని ఆయన మీదే అరిచాను. పాపం, భార్య పోయిన మనిషి మీద.

ఇవాళ మధ్యాహ్నం మల్లాపూర్‌లో అక్క భూస్థాపన అయింది. ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో, మన శనివారం గ్రూపులో ఒక మెసేజ్.

"రేపు క్లాస్ ఉంటదా?"

జవాబు చెప్పాల్సింది నేనే. అందుకే ఈ పోస్ట్.

అక్కను ఎరగని వాళ్ల కోసం చెప్తున్నా. ఆమె ఉప్పల్‌లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ డెవలపర్. ప్రతి శనివారం నాచారంలో ఒక టిఫిన్ సెంటర్ పైగదిలో మాలాంటి వాళ్లకు ఫ్రీగా కోడింగ్ నేర్పేది. మాలాంటి వాళ్లంటే ప్యాకింగ్ యూనిట్‌లో, ల్యాబ్‌లో, బట్టల షోరూంలో పనిచేసేవాళ్లు. నేనప్పుడు మల్లాపూర్‌లో ఒక వర్క్‌షాప్‌లో బిల్లింగ్ చేసేదాన్ని. ఇవాళ నాకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆ గది పెట్టిన భిక్ష.

అక్క నేర్పింది టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్. పేరు విని భయపడకండి.

ప్రోగ్రాం రాయకముందే, అది సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూసే టెస్ట్ రాయాలి. ప్రోగ్రామే లేదు కాబట్టి టెస్ట్ ఫెయిల్ అవుతుంది. స్క్రీన్ మీద రెడ్. అప్పుడు అది పాసయ్యేంత కోడ్ మాత్రమే రాయాలి. గ్రీన్. ఆ తర్వాత ఆ కోడ్‌ను తీరిగ్గా సర్దుకోవాలి. అంతే.

అక్క ఉదాహరణలన్నీ మన రోడ్ల మీదివే. మొదటిది షేర్ ఆటో. సీట్లు నిండితే ఇంకొకరిని ఎక్కించుకోకూడదు, దానికి టెస్ట్ రాయమంది.

"ఆటో నిండుడు అనేదే ఉండదక్కా! డ్రైవర్ పక్కకు జర జరుగుతరు" అని ఎవరో అన్నారు. గదంతా ఒకటే నవ్వు.

నేను తొందర మనిషిని కదా. కోడ్ ముందు రాసేసి, టెస్ట్ తర్వాత రాశాను. రన్ చేయగానే గ్రీన్! ఎగిరి గంతేశాను.

అక్క కీబోర్డు తన వైపు లాక్కుంది. నా కోడ్‌లో సీట్లు నిండాయా అని చూసే లైను తీసేసి మళ్లీ రన్ చేసింది.

మళ్లీ గ్రీన్. రెడ్ రావాల్సింది కదా!

నా మొహం మాడిపోయింది.

"నీ టెస్టుల నిండిన ఆటోల మనిషిని ఎక్కించినవ్. ఎక్కిండా లేదా అని ఆటోను అడగనే లేదు" అంది. "ముందుగాల రెడ్ రానీ పిల్లా. ఫెయిల్ అయితదని కండ్లతోని సూడని టెస్టును నమ్మకు."

బయట కూడా అదే తీరు. పీర్జాదిగూడలో వాళ్ల అపార్ట్‌మెంట్‌కు కొత్త లిఫ్ట్ వచ్చింది. అలారం ఉందని అంటే, అందరూ చూస్తుండగానే లోపలికెళ్లి బటన్ నొక్కింది. మోగలేదు. కొబ్బరికాయ కొట్టిన పెద్దమనుషుల మొహాలు అప్పుడు చూడాలి!

ఇక అసలు సంగతి.

ఈమధ్య ఒక శనివారం అక్క రాలేదు. "లాలాపేట్‌ల పనుంది, మీరు కానియ్యండ్రి" అని మెసేజ్ పెట్టింది.

మేం ఏం కానిచ్చాం? ఇడ్లీ కానిచ్చాం. ముచ్చట్లు పెట్టుకున్నాం. బోర్డు దగ్గరికి ఒక్కరూ పోలేదు. అరగంటకల్లా మెట్లు దిగిపోయాం.

పై వారం వచ్చి చెప్పింది. లాలాపేట్ లేదు, ఏమీ లేదు. ఎదురుగా బేకరీలో చాయ్ తాగుతూ మా మెట్ల వైపే చూస్తూ కూర్చుందట!

"నేను లేకుంటే క్లాస్ నడుస్తదా అని టెస్ట్ పెట్టిన. ఫెయిల్ అయిన్రు. మంచిగయింది" అని నవ్వింది. "రెడ్ సూసినం. ఇగ కోడ్ రాద్దాం."

నాకు ఒళ్లు మండింది. మేమేమన్నా చిన్నపిల్లలమా? ఆ మాట మొహం మీదే అన్నాను కూడా. అక్క మార్కర్ తీసి నా చేతిలో పెట్టింది.

"నాతోని గాదక్కా. నీ లెక్క చెప్పరాదు నాకు."

"నా లెక్క ఎవరు చెప్పమన్నరు? పాస్ అయ్యేటందుకు ఎంత గావాల్నో గంతే జెయ్. ఒక్క ఉదాహరణ బోర్డు మీద రాయి, చాలు."

ఆ రోజు నుంచి బోర్డు నాది, వెనక బెంచీ అక్కది. నేను తడబడి దిక్కులు చూసినా నోరు తెరిచేది కాదు. లోపల ఎంత తిట్టుకున్నానో.

ఇవాళ సమాధి దగ్గర ప్రభాకర్ అన్న నన్ను పక్కకు పిలిచాడు. గుండె బాగా దెబ్బతిన్నదని డాక్టర్ చెప్పింది ఆ శనివారానికి ముందేనట. ఎవరికీ చెప్పొద్దని అక్క ఆయనతో ఒట్టు వేయించుకుందట.

"ఆ దినం బేకరీల నేను గూడ పక్కన్నే కూసున్న చెల్లె" అన్నాడు. "మీరు దిగొస్తుంటే సూసి నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్చింది."

నాకు చాలా కోపంగా ఉంది అక్కా.

చెప్పి ఉంటే నీ చేయి పట్టుకుని కూర్చునేదాన్ని కదా. నువ్వు నా చేతిలో మార్కర్ పెట్టి వెనక్కి వెళ్లి కూర్చున్నావు.

ఏడుపు ఆగడం లేదు. భయం కూడా వేస్తోంది. ఎందుకంటే నేను చెప్పిన ప్రతి క్లాసులోనూ నువ్వు వెనక బెంచీలో ఉన్నావు. నువ్వు లేకుండా ఆ టెస్ట్ మళ్లీ రన్ కాలేదు.

రేపే రన్ అవుతుంది.

గ్రూపులో అడిగిన వాళ్లకు నా జవాబు: రేపు క్లాస్ ఉంది. అదే గది, అదే టైం. ఉదాహరణ లిఫ్ట్ అలారం. ముందుగా వచ్చినవాళ్లు వెనక బెంచీలో కూర్చోండి. అది ఖాళీగా కనబడితే నా నోట మాట రాదు.

అరగంటకే మెట్లు దిగారో, కాళ్లు విరగ్గొడతా.

పోయి రా అక్కా. ఇక అక్కడ ఏ బటనూ నొక్కి చూడకు. ఆ ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.