తూటాల మిషన్‌కు బజ్జీల నూనె

ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వెక్కి వెక్కి ఏడ్చేలా చేశాను నేను. అదీ ఖాకీ బట్టల్లో, పదిమంది ముందు! నవ్వకండి, నా ఉద్యోగం ఊడిపోయే పని అది.

అప్పటికి కర్నూలులో ఒక రైఫిల్ క్లబ్బులో స్టోర్‌కీపరుగా చేరి మూడు నెలలు. కాల్చిన తూటాలను మళ్లీ నింపే చేతి మిషన్ ఒకటి మా స్టోరులో ఉండేది. సోమవారం లైసెన్సు తనిఖీ. మిషన్‌కు తుప్పు కనబడిందా, క్లబ్బు లైసెన్సు గోవిందా, దాని వెనకే నేనూ గోవిందా! క్లబ్బు చూసుకునే మాబాషా అన్న శుక్రవారమే హెచ్చరించాడు.

"అప్పా, మిషన్ బాగా తుడిచి, నూనె పట్టించి, పెట్టెలో పెట్టి తాళమెయ్యి."

"అట్లనే అన్నా."

ఏ నూనె అని అడిగితే నా డిగ్రీ పరువేం కాను? నేరుగా మా అమ్మ ఉగ్గాని బజ్జీల బండి దగ్గరికి పోయాను.

"ఇనుముకు కొత్త నూనె ఎవురన్నా పోస్తారా? బాణలిలో మిగిలింది తీసుకపో" అంది అమ్మ.

తెచ్చి, పెళ్లికొడుక్కి పట్టించినట్టు పట్టించాను. ఆహా, ఏం మెరుపు!

సోమవారం పెట్టె తెరవగానే మిరపకాయ బజ్జీల వాసన గుప్పుమంది.

"ఏమప్పా, ఈడ వంట చేస్తాండారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేదు సార్, అది మిషనే!"

ఆయన పిడి లాగాడు. ఎండకు నూనె జిగురైపోయి పిడి కదల్లేదు. రెండు చేతులా బలంగా లాగితే కదిలింది గానీ ఆయనకు చెమటలు పోశాయి. అవే చేతులతో కళ్లు తుడుచుకున్నాడు. అంతే!

"అబ్బబ్బా, మంట! నీళ్లు యాడుండాయప్పా?"

"ఏం నూనె పెట్టినావురా?" అని మాబాషా అన్న నా చెవి పట్టుకున్నాడు.

"బజ్జీల నూనె అన్నా..."

"యా అల్లా!"

బిందెడు నీళ్లతో మొహం కడుక్కుని, ఎర్రటి కళ్లతో ఇన్‌స్పెక్టరు రిజిస్టరు తెరిచాడు. నా ప్రాణం ఆయన పెన్ను మొనమీద ఉంది. రాసి, ముక్కు చీదుకుంటూ జీపెక్కాడు. రిజిస్టరు లాక్కుని చదివాను.

"మిషన్‌కు తుప్పు లేదు. లైసెన్సు కొనసాగించవచ్చును. స్టోర్‌కీపరును మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేయవలెను."

ఆనాడే ఎడమచేతిలో కుడిచెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక ఎవరు నూనె అన్నా, ఏ నూనె అని అడగందే వేలు కూడా కదపను. మొన్న పండక్కి తలంటబోయిన మా అత్తగారినీ అడిగాను. ఆమె ఇంకా నాతో మాట్లాడటం లేదు.