బారాత్ బ్యాండులా మోగిన జాజ్ రికార్డు

నిన్న ఆబిడ్స్‌లో పాత రికార్డులు అమ్మే కొట్టులో మా ఇంట్లో ఉండిన జాజ్ రికార్డు కనిపించింది. అదే నీలం అట్ట, అదే శాక్సోఫోన్ బొమ్మ. కొట్టాయన ప్లేయర్ మీద పెట్టాడు.

మన ఈడువాళ్లకు గుర్తుందా, రెక్సిన్ పెట్టె ప్లేయరు, పక్కన వేగం మార్చే మీట? నాంపల్లి ఇంట్లో నాయన ఈ రికార్డు పెడితే శాక్సోఫోన్ బారాత్ బ్యాండులా పరుగెత్తేది. అక్కా నేనూ చాప మీద ఎగిరేవాళ్లం. జాజ్ అంటే గంతులేయించే సంగీతమనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

ఇక్కడ అదే పాట మెల్లగా, బరువుగా సాగింది. రికార్డు పాడైందేమోనని అక్కకు ఫోన్ చేసి వినిపించాను. అక్క అంది:

"పాడు కాలేదురా. అసలు పాట గిదే. అమ్మ గిది పెట్టి మనల్ని పండవెడుతుండె. అమ్మ పోయినంక గిది ఇంటే నువ్వు ఏడుపు ఆపకపోతుంటివి. గందుకే నాయన మీట జరిపి జోరుగ పెట్టిండు."

నాకు ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు కూడా.

"ఇంకోటి పెట్టాల్నా సార్?" అన్నాడు కొట్టాయన. వద్దని తలూపాను.

నాయనకు ఈ పాటంటే ప్రాణం. అమ్మ పోయాక బతికినన్నాళ్లూ దాన్ని బారాత్ బ్యాండులాగే విన్నాడు.